లాంతర్ల మీద కృపావరం జోస్యం

ప్రతి మార్చి నెలలోనూ, ఆ సంవత్సరం లాంతర్లు ఓడిపోతారని కృపావరం రాసేవాడు.

లాంతర్లంటే గ్రెంజర్ లాంతర్స్. పెన్సిల్వేనియాలో బొగ్గు అయిపోయి రైలు మాత్రం మిగిలిన గ్రెంజర్ అనే ఊరి బేస్‌బాల్ జట్టు. జీతాలిచ్చి ఆడించే జట్టే గానీ, కింది మెట్టుది. పెద్ద జట్లకు వెళదామని వచ్చినవాళ్ళు ఇక్కడ రెండేళ్ళు ఆడతారు. ఒకరిద్దరు పైకి వెళతారు. మిగతావాళ్ళు ఇంటికి వెళతారు.

కృపావరం రేపల్లె మనిషి. 1970లో అమెరికా వచ్చి, ఆ ఊరి నీళ్ళ ప్లాంటులో కెమిస్టుగా చేరాడు. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు చుక్కలు మందు వేసి, తేలిన రంగును కార్డు మీది రంగుతో పోల్చి, అంకె వేయాలి. కంటితో చూడని అంకె వేయకూడదు. ఆ ఉద్యోగంలో ఉన్న నియమం అదొక్కటే. అది అతనికి సరిపోయింది.

గుంటూరులో చదువుకునే రోజుల్లో కాలేజీ క్రికెట్ జట్టుకు అతను స్కోరు రాసేవాడు. ఆడడం రాదు. రాయడం వచ్చు. క్రికెట్లో ఒక సంగతి అతనికి మొదటినుంచీ నచ్చేది కాదు. చేతిలో పడ్డ క్యాచ్ ఎవడైనా వదిలేస్తే, ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా ఉండదు. వదిలినవాడు సాయంత్రం టీ తాగి ఇంటికి పోతాడు.

బేస్‌బాల్లో అలా కాదు. ఇక్కడ తప్పుకు ఒక గడి ఉంది. పట్టవలసిన బంతిని వదిలేస్తే, ఇంగ్లిషు ఈ అక్షరం వేసి, పక్కన ఆ మనిషి నిలబడే చోటు నంబరు వేస్తారు. ఈ-ఆరు అంటే ఎర్రర్, షార్ట్‌స్టాప్‌ది. పరుగు తీసేవాడు తాకవలసిన మూలలు బేసులు, వాటిలో రెండోదానికీ మూడోదానికీ మధ్య నిలబడేవాడు షార్ట్‌స్టాప్. అతను చచ్చిపోయాక కూడా ఆ అక్షరం అక్కడే ఉంటుంది. ఇది మొదటిసారి ఎవరో చెప్పగా కృపావరం విన్నాడు. ఆ మర్నాడే ఒక స్కోరు పుస్తకం కొనుక్కున్నాడు.

1976లో జట్టు పాత స్కోరరు కళ్ళు మందగించి మానేస్తే, ఆ పని కృపావరానికి వచ్చింది. బాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనక, పన్నెండు మెట్ల పైన, ముందువైపు తెరిచి ఉండే చిన్న చెక్క గది. బాటర్ కొట్టి బేసు చేరితే, అది అతని గొప్పా, ఫీల్డర్ తప్పా? గొప్పయితే హిట్. తప్పయితే ఎర్రర్. అది తేల్చేది ఆ గదిలో ఉన్న మనిషి. అంపైరు కాదు, కోచ్ కాదు, జట్టు మేనేజరూ కాదు. మూడేళ్ళు ఆ గదిలో కూర్చున్నాడు. నేలకు అంత ఎత్తున కూర్చోవడం అతనికి జీవితంలో అదే మొదలు.

1979 ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ మెట్లు దిగవలసి వచ్చింది.

ఆ రోజు లాంతర్ల తరఫున బంతి వేసినవాడు లైల్ కార్విన్. ఇరవై మూడేళ్ళవాడు, ఎడమ చేతివాటం. ఎనిమిది ఇన్నింగ్స్ అయ్యాయి. అవతలి జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వలేదు. తొమ్మిదీ అలాగే ముగిస్తే దాన్ని నో-హిటర్ అంటారు. ఎర్రర్లు ఎన్నున్నా ఫరవాలేదు, హిట్ మాత్రం ఉండకూడదు. బంతి వేసే పిచర్లు చాలామంది అది చూడకుండానే ముసలివాళ్ళవుతారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. ఇంకొక్కడు మిగిలాడు. వాడు కొట్టిన బంతి షార్ట్‌స్టాప్‌ను దాటి ఎడమ వైపు గడ్డిలోకి పోయింది.

కృపావరం హిట్ అని రాశాడు.

బోర్డు మీద సున్నా తీసి ఒకటి పెట్టారు. రెండు వేలమంది ఒకేసారి వెనక్కి తిరిగి ఆ చెక్క గది వైపు చూశారు. తర్వాత అరుపులు మొదలయ్యాయి. జట్టు మేనేజరు బడ్ హెంక్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు. బొద్దుగా, ఎర్రగా ఉండే మనిషి.

"మార్చు."

"రాసేశాను."

"మార్చడానికి ఇరవై నాలుగు గంటలు టైముంది నీకు. రూలే ఉంది."

"ఇరవై నాలుగేళ్ళిచ్చినా అది హిట్టే."

హెంక్ కిందికి వెళ్ళి మైకు తీసుకున్నాడు. "మిత్రులారా, ఇవాళ్టి స్కోరు మనకు ఆవులు రోడ్ల మీద తిరిగే దేశం నుంచి అందింది. ఆ పెద్దమనిషి రేపటినుంచి వాటినే లెక్కపెట్టుకుంటాడు" అన్నాడు.

రెండు వేలమంది నవ్వారు. ఇంటికి వెళుతుంటే, కారులో వెనక సీట్లోంచి కూతురు, ఏడేళ్ళ నవోమి అడిగింది. "డాడీ, ఆ అంకుల్ cows అని ఎందుకన్నాడు?"

కృపావరం జవాబు ఆ తర్వాతి మార్చిలో మొదలైంది.

ఆట రోజులు ఏప్రిల్లో మొదలవుతాయి. అంతకు ముందే, ఈ ఏడు మన జట్టు ఎలా ఉంటుందని అభిమానులు మాట్లాడుకుంటారు. కృపావరం మాట్లాడేవాడు కాదు, రాసేవాడు. ఎవరి భుజం చెడింది, ఎవరి మోకాలు పోయింది, ఎవరిని అమ్మేశారు, ఎవరిని కొనలేదు, అన్నీ వాకబు చేసి నాలుగు పేజీలు రాసేవాడు. చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే. లాంతర్లకు ఈ సంవత్సరం ఏడో స్థానం. జట్లు ఎనిమిది. ఎనిమిదో స్థానం ఎందుకు రాయరని ఎవరో అడిగితే, "ఆఖరున ఉన్నవాణ్ణి చూస్తే జనానికి జాలేస్తుంది. ఏడోవాడి మీద ఎవరికీ జాలి ఉండదు" అన్నాడు.

ఆట రోజులు అయిపోయాక సెప్టెంబరులో హెంక్‌కు ఒక పోస్టుకార్డు పంపేవాడు. అందులో లాంతర్లు చేరిన స్థానం ఎర్ర పెన్సిలుతో ఒక్క అంకె. సంతకం ఉండదు. అయిదేళ్ళలో నాలుగు కార్డులు వెళ్ళాయి. ఏడు, ఆరు, ఏడు, ఎనిమిది. 1982లో లాంతర్లు రెండో స్థానంలోకి వచ్చారు. ఆ ఏడు కార్డు వెళ్ళలేదు.

ఆ నాలుగు పేజీలూ వినేవాళ్ళు గ్రెంజర్‌లో లేరు. పక్క ఊళ్ళో ఒక అమెరికన్ చర్చివాళ్ళు నెలకోసారి తమ బేస్‌మెంట్ తెలుగువాళ్ళకు ఇచ్చేవారు. తొమ్మిది కుటుంబాలు. మొదటి ఆదివారం ఆరాధన, ఆ తర్వాత భోజనాలు. మార్చిలో భోజనాల వేళ కృపావరం తన కాగితాలు తీసి, ఇంగ్లిషులో రాసుకున్నదాన్ని తెలుగులో చెప్పడం అలవాటయింది. పిల్లలు పారిపోయేవాళ్ళు. పెద్దవాళ్ళు తింటూ వినేవాళ్ళు.

ఆ గుంపులో ప్రేమానందం అని ఒక డాక్టరు. ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరు. కాకినాడ మనిషి. కృపావరం కాగితాలు తీయడం చూస్తే చాలు, "వందనాలు ప్రవక్తగారూ! ఈ ఏడు ఏ పట్టణానికి నాశనం?" అనేవాడు.

1985 ఫిబ్రవరి చివర్లో ప్లాంటుకు ఫోను వచ్చింది. గ్రెంజర్ పేపరు స్పోర్ట్స్ ఎడిటరు. ఈసారి మొదటి ఆట రోజున ప్రత్యేక పేజీ వేస్తున్నామని, జట్టు మీద ఒక అభిమాని చేత రాయిద్దామనుకున్నామని అన్నాడు. "నువ్వు ఏటా రాస్తావని విన్నాను. నీ పేరుతో, ఫొటోతో."

కృపావరం చేతిలో గాజు గొట్టం ఉంది. దాన్ని స్టాండులో పెట్టాడు.

"ఎన్ని మాటలు?"

"వెయ్యి."

"చాలవు."

"పన్నెండు వందలు. అంతకన్నా చోటు లేదు. మార్చి మొదటి మంగళవారానికి నా టేబుల్ మీద ఉండాలి."

హెంక్‌ను గురించి పన్నెండు వందల మాటలు. ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మంలో. కృపావరం రెండు రోజులు సెలవు పెట్టాడు. పదిహేనేళ్ళలో పిల్ల పుట్టినప్పుడు తప్ప అతను సెలవు పెట్టలేదు. తలుపు వేసుకుని రాశాడు. రాసింది కొట్టేసి, ఇంకా పదును పెట్టి రాశాడు. కూరలో కారం సరిపోయిందో లేదో చూసేవాడిలా ఒక్కో వాక్యాన్ని నాలుక మీద వేసుకుని చూశాడు. నవోమి దాన్ని టైపు చేసింది.

మార్చి మొదటి ఆదివారం బేస్‌మెంట్లో మామూలు కన్నా ఎక్కువమంది కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. పేపరులో పడుతుందన్న సంగతి అందరికీ తెలిసింది.

"బ్రదర్, నా మందు కన్నా మీ ప్రవచనమే తొందరగా పనిచేస్తుంది. ఆపరేషన్ థియేటర్‌కి ఒక కాపీ ఇవ్వండి" అన్నాడు ప్రేమానందం.

"వినండి" అన్నాడు కృపావరం. చదివాడు.

"పిచర్లు అయిదుగురు. ముగ్గురికి భుజం బాగోలేదు. నాలుగో అతనికి భుజం బాగుంది, గురి బాగోలేదు. అయిదో అతనికి రెండూ బాగున్నాయి. కాబట్టి అతన్ని మే నెలలో అమ్మేస్తారు."

ఎవరో నవ్వారు.

"మొదటి బేసు దగ్గర నిలబడే మనిషికి వంగడం ఇష్టం లేదు. షార్ట్‌స్టాప్‌గా ప్రతి ఏడూ కొత్తవాణ్ణి తెస్తున్నారు, బంతి మాత్రం పాత దారిలోనే వెళుతోంది. ఇక మేనేజరు బడ్ హెంక్. ఆయన ఆఫీసు గోడ మీద ఒక దుప్పి తలకాయ ఉంది. ఆ గదిలో ఆట గురించి ఆలోచించే తలకాయ అదొక్కటే."

ప్రేమానందం మజ్జిగ గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. "ఇదీ దెబ్బంటే!"

కృపావరం గొంతు తగ్గించాడు. "ఆరేళ్ళ కిందట ఆ మనిషి, తన జట్టు గొప్ప కోసం ఒక అబద్ధం రాయమని స్కోరరును అడిగాడు. స్కోరరు రాయలేదు. ఆ బంతిని నేను నా రెండు కళ్ళతో చూశాను. చూసింది రాశాను. అందుకు నన్ను మైకులో ఎగతాళి చేసి పంపేశారు."

బల్ల దగ్గర పప్పుచారు పోస్తున్న అతని భార్య విమలకుమారి గరిటె ఆపింది. అతని వైపు ఒకసారి చూసి, మళ్ళీ పోయడం మొదలుపెట్టింది.

ఆమె నర్సు. నలుగురిలో భర్త మాటకు ఎదురు చెప్పడం ఆమెకు ఇష్టం లేదు. కారు హైవే ఎక్కేదాకా ఆగింది. వెనక నవోమి చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

"ఆ కళ్ళ ముక్క తీసేయండి" అంది.

"ఏ ముక్క?"

"రెండు కళ్ళతో చూశానన్న ముక్క. మిగతాదంతా ఉంచుకోండి. ఆ హెంక్‌ని ఎన్ని తిట్టినా నాకు సంతోషమే. చాలకపోతే నేనూ నాలుగు చెబుతాను, రాసుకోండి."

"మరి అదెందుకు తీయాలి?"

"అప్పుడు మీ కళ్ళు మూసి ఉన్నాయి. ప్లేటు చేతికిచ్చింది నేనే కదా."

కారు తిన్నగా పోతూనే ఉంది.

"మన ఎగ్జిట్ దాటిపోయారు" అంది విమలకుమారి.

అతను మరచిపోలేదు. మరచిపోయిన చోట పెట్టాడు, అంతే. ఆరేళ్ళ కిందటి ఆ ఆదివారం వాళ్ళు ఆరాధన నుంచి తిన్నగా ఆటకు వెళ్ళారు. పొద్దుటినుంచీ అతను ఏమీ తినలేదు. నో-హిటర్ జరుగుతుంటే ముద్ద దిగలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఇద్దరు అవుటయ్యాక, లాంతర్ల కోచ్ ఆట ఆపి కార్విన్‌తో మాట్లాడడానికి మైదానంలోకి నడిచాడు. వెనక మెట్టు మీద కూర్చున్న విమలకుమారి డబ్బా తెరిచి, పులిహోర ప్లేటులో పెట్టి, "ఒక్క ముద్ద తినండి, కళ్ళు తిరుగుతాయి" అని చేతికిచ్చింది.

చేతిలోకి అన్నం వచ్చాక ప్రార్థన చేయకుండా తినడం ఆ ఇంట్లో లేదు. అతని తండ్రి రేపల్లెలో మిషన్ స్కూలు మేష్టరు. ఆయన చేసే భోజన ప్రార్థన పొడుగు. పండించినవాళ్ళు, వండినవాళ్ళు, దూరాన ఉన్నవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు అందరూ వచ్చి, చివరికి ఆకలితో ఉన్నవాళ్ళ దగ్గర ఆగుతుంది. ఒక్క మాట తగ్గించడానికి లేదు. ఆమేన్ అనకముందు కళ్ళు తెరిచిన పిల్లవాడి కంచం ఆయన వెనక్కి లాగేసేవాడు. కృపావరానికి అప్పుడు నలభై ఏళ్ళు. కంచం లాగేవాడు పోయి పన్నెండేళ్ళు. అయినా జబ్బుపడ్డవాళ్ళ దగ్గర ఉండగా బ్యాటుకు బంతి తగిలిన చప్పుడు వినిపించినప్పుడు, అతను కళ్ళు తెరవలేదు. తొందర తొందరగా ఆకలితో ఉన్నవాళ్ళ దాకా వెళ్ళి, ఆమేన్ అని, అప్పుడు తెరిచాడు. బంతి గడ్డిలో దొర్లుతోంది.

"బంతి ఎక్కడుందో చూశాను. షార్ట్‌స్టాప్ ఎక్కడున్నాడో చూశాను. మధ్యలో ఏం జరిగి ఉంటుందో తెలియదా?" అన్నాడు, కారు నడుపుతూనే.

"నీళ్ళు రుచి చూసి మీరు క్లోరిన్ అంకె వేస్తారా?"

అతను తర్వాతి ఎగ్జిట్ దగ్గర కారు తిప్పాడు.

"ఆరేళ్ళు ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడిగితేగా. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాటినుంచి ఆ ముఖం. తర్వాత పోస్టుకార్డులు. పోనీలే, మనిషికి ఒక పగ ఉంటే పొద్దున్నే లేవబుద్ధవుతుంది అనుకున్నాను. కానీ ఇది పేపరండీ. మన పేరు."

సోమవారం మధ్యాహ్నం కృపావరం స్టేడియానికి వెళ్ళాడు. తను రాసింది ఒప్పేనని రుజువు చేసుకోవడానికే వెళ్ళాడు. ఆ బంతి హిట్టే అయితే కళ్ళు మూసి ఉన్నా ఒకటే, తెరిచి ఉన్నా ఒకటే. అది చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆ రోజు బంతి వేసినవాడు. ఆ మరుసటి ఏడే లైల్ కార్విన్ మోచెయ్యి పోయింది. పై జట్టుకు వెళ్ళలేదు. హెంక్ అతన్ని మైదానం పనిలో పెట్టుకున్నాడు. ఎర్రమట్టి చదును చేయడం, గడ్డి కోయడం, వాన వస్తే పట్టా కప్పడం.

మార్చి చలి. కార్విన్ షార్ట్‌స్టాప్ నిలబడే చోట దంతెతో మట్టి లాగుతున్నాడు. కృపావరాన్ని చూసి ఆగాడు.

"మిస్టర్ కె! హెంక్ చూస్తే పోలీసుల్ని పిలుస్తాడు."

"ఉన్నాడా?"

"భోజనానికి వెళ్ళాడు. మూడింటిదాకా తింటాడు."

"ఒక్క మాట అడిగి పోతాను. ఆ రోజు ఆ బంతి. హిట్టా, ఎర్రరా?"

కార్విన్ దంతె కర్ర మీద రెండు చేతులూ ఆన్చాడు. "ఇప్పుడా అడగడం?"

"చెప్పు."

"ఇదిగో, ఇక్కడే. నేరుగా వాడి దగ్గరికే వచ్చింది. వాడు గ్లౌవు కిందికి దించలేదు. మడమకి తగిలి గడ్డిలోకి పోయింది. మా అమ్మ అయినా పట్టేది ఆ బంతిని."

గాలికి పట్టా చివర కొట్టుకుంటోంది.

"మరి అప్పుడెందుకు అనలేదు నువ్వు?"

"మీరు చూడలేదని నాకు తెలుసు కాబట్టి. పిచర్ ఎప్పుడూ చూసేది హోమ్ ప్లేట్ వైపే కదా. దాని వెనక మీ గది. నేను చెయ్యి ఎత్తేసరికి మీరు తల వంచుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. పెదాలు కదులుతున్నాయి. నాకోసం ప్రార్థన చేస్తున్నారనుకున్నాను. ఈ ఊళ్ళో నాకోసం ఎవరూ చేయరు. అందుకే ధైర్యంగా నడిమధ్యకి వేశాను." కార్విన్ ఒక చేత్తో టోపీ వెనక్కి నెట్టాడు. "ఎవరికోసం చేశారు ఇంతకీ?"

"పులిహోర కోసం."

"అదేమిటి?"

"అన్నం. చింతపండు వేసి చేస్తారు."

కార్విన్ నవ్వాడు. దంతె కింద పడేదాకా నవ్వాడు. తర్వాత వంగి దాన్ని తీసుకుని, మట్టి దులిపాడు.

"చెబితే మీ పని పోతుందనుకున్నాను. ఎటూ పోయింది" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "మా అమ్మ ముందు గది అల్మరాలో ఆ బంతికోసం చోటు ఖాళీ చేసింది. రేడియోలో వింటూ ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే ఖాళీ చేసిందట. ఇప్పటికీ అందులో ఏమీ పెట్టదు. మీరు పేపర్లో రాస్తున్నారటగా. ఇది కూడా రాయండి."

"రాస్తే హెంక్ గెలిచినట్టు."

"తెలుసు. నాకు జీతమిచ్చేది వాడే. వాడు గెలిస్తే నాకేమన్నా సంతోషమా?"

కృపావరం ఇంటికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. పన్నెండు వందల మాటలు. ఒక్కటీ వృథా కాని మాటలు. మర్నాడే అవి ఎడిటరు టేబుల్ మీద ఉండాలి. కళ్ళ ముక్క ఒక్కటే తీసేసి పంపవచ్చు. భార్య అడిగింది అంతే. హెంక్‌కు ఏమీ తెలియదు. ఊరికి ఏమీ తెలియదు. కార్విన్ ఆరేళ్ళు నోరు తెరవలేదు, ఇక ముందూ తెరవడు. ఆ దారి శుభ్రంగా, వెడల్పుగా కనిపించింది. అతను చాలాసేపు దాన్నే చూశాడు.

క్షమాపణ అతని మనసులో లేదు. హెంక్ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆవుల మాట ఉంది. రెండు వేలమంది నవ్వు ఉంది. కానీ మరో సంగతి ఉంది. తప్పు చేసినవాడు సాయంత్రం టీ తాగి ఇంటికి పోవడం అతనికి ఏనాడూ నచ్చలేదు.

కొత్త కాగితం మీద మొదటి పేరా రాసి నవోమికి ఇచ్చాడు. దానికి చోటు కోసం బేసుల దగ్గర ఆడేవాళ్ళ గురించి రాసిన దాంట్లో కొంత కొట్టేశాడు. హెంక్ గురించి రాసిన దాంట్లో ఒక్క కామా కూడా తీయలేదు.

నవోమి చదివి తలెత్తింది. "డాడీ, ఈ పారా పెడితే ఆ అంకుల్ win అయినట్టే కదా?"

"అవును."

"Then why?"

"టైప్ చెయ్యమ్మా."

మొదటి ఆట ఏప్రిల్ రెండో శనివారం మధ్యాహ్నం. పేపరు పొద్దున్నే వచ్చింది. పేజీ అంతా అదే. కృపావరం ఫొటో, దాని కింద మొదటి పేరా.

"1979 ఆగస్టులో నేను ఈ జట్టు స్కోరరును. లైల్ కార్విన్ వేసిన ఆటలో చివరి బంతిని నేను చూడలేదు. నా కళ్ళు మూసి ఉన్నాయి. అయినా హిట్ అని రాశాను. అది హిట్ కాదు, ఎర్రర్, షార్ట్‌స్టాప్‌ది. కార్విన్ ఆ రోజు ఎవరికీ ఒక్క హిట్టూ ఇవ్వలేదు. లీగు పుస్తకంలో మార్చే గడువు దాటి ఆరేళ్ళయింది. కనుక ఇక్కడ మారుస్తున్నాను. తప్పు స్కోరరుది. ఇక ఈ సంవత్సరం లాంతర్ల సంగతి."

అతను ఆటకు వెళ్ళాడు. వెళ్ళవద్దని ప్రేమానందం ఫోను చేశాడు. "కొన్ని రోజులు కనబడకండి బ్రదర్. మొహానికి మత్తు ఇచ్చే మందు నా దగ్గర లేదు" అన్నాడు. విమలకుమారి మాత్రం పొద్దున్నే లేచి పులిహోర కలిపింది.

టికెట్ల కిటికీ అద్దానికి ఆ పేజీ అతికించి ఉంది. మొదటి పేరా కింద ఎర్ర పెన్సిలు గీత. పోస్టుకార్డుల మీద తను వాడిన రంగే. హెంక్ కార్డులు దాచుకున్నాడన్న మాట. కృపావరం రెండు టికెట్లు కొని లోపలికి వెళ్ళి, మూడో బేసు వైపు బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో స్కోరు పుస్తకం. వెనక వరసలోంచి ఎవరో వేరుశనగ తొక్కలు విసిరారు. కాలరు మీద పడ్డాయి. విమలకుమారి దులిపింది.

ఆట మొదలయ్యే ముందు హెంక్ మైకు తీసుకున్నాడు. ఆరేళ్ళలో ఇంకొంచెం లావయ్యాడు.

"మిత్రులారా, మన పాత స్కోరరు ఈ పొద్దున ఒక సంగతి ఒప్పుకున్నాడు. వింటారా? 'నా కళ్ళు మూసి ఉన్నాయి. అయినా హిట్ అని రాశాను.' నేను ఆనాడే చెప్పాను!"

నవ్వారు. పాత నవ్వే. కృపావరం ఒళ్ళోని పుస్తకం తెరిచాడు. పెన్సిలు చెక్కుకున్నాడు. హెంక్ పేజీ మడుస్తున్నాడు.

"ఆ తర్వాతది చదువు బడ్!" అని మొదటి బేసు వైపునుంచి ఒక ముసలి గొంతు అరిచింది.

హెంక్ చెయ్యి ఊపాడు.

"కార్విన్ ముక్క చదవవేం?" ఇంకో గొంతు.

"దుప్పి ముక్క చదువు!" అని ఒక ఆడమనిషి అరిచింది. ఈసారి నవ్వు అటునుంచి మొదలై, వరస వెంబడి ఇటు వచ్చింది. అందరూ నవ్వలేదు. చేతుల్లో పేపరు ఉన్నవాళ్ళు నవ్వారు. చాలామంది చేతుల్లో పేపరు ఉంది. మైకులో టక్కుమని చప్పుడైంది. తర్వాత ఏమీ వినిపించలేదు.

అవతల, పట్టా చుట్ట పక్కన కార్విన్ దంతె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇటు చూడలేదు. వాళ్ళ అమ్మకోసం పేపరు ఇంకో కాపీ కొన్నాడని టికెట్ల కిటికీ దగ్గరి ఆమె విమలకుమారితో చెప్పింది.

కృపావరానికి గుండెలో ఏదో తియ్యగా కదిలింది. అది మంచిది కాదని తెలుసు. అయినా దాన్ని అక్కడే ఉండనిచ్చాడు.

మూడో ఇన్నింగ్స్‌లో విమలకుమారి డబ్బా తెరిచి, ప్లేటు చేతికిచ్చింది.

అతను తండ్రి ప్రార్థన మొదలుపెట్టాడు. పండించినవాళ్ళు వచ్చారు. వండినవాళ్ళు వచ్చారు. ఒక్క మాట తగ్గించలేదు. కళ్ళు మాత్రం మూయలేదు. ఎర్రమట్టిని, తెల్ల గీతల్ని, హెంక్ ఈ ఏడు తెచ్చిన కొత్త షార్ట్‌స్టాప్‌ను చూస్తూ చెప్పాడు. విమలకుమారి ఒక కన్ను తెరిచి అతన్ని చూసి, మళ్ళీ మూసుకుంది.

జబ్బుపడ్డవాళ్ళ దగ్గర ఉండగా బ్యాటుకు బంతి తగిలింది. నేల మీద నేరుగా షార్ట్‌స్టాప్ దగ్గరికి వచ్చింది. గ్లౌవు కిందికి దిగలేదు. బంతి కాళ్ళ మధ్యనుంచి గడ్డిలోకి పోయింది. కృపావరం అంతా చూశాడు. ఆకలితో ఉన్నవాళ్ళను కూడా తలచుకుని, ఆమేన్ అన్నాడు. అప్పుడు పెన్సిలు తీసుకుని, ఆ గడిలో ఈ-ఆరు వేశాడు. వెనక కాగితం మీద కూడా పడేటంత గట్టిగా వేశాడు. ములుకు విరిగింది.

"ఇక తినండి" అంది విమలకుమారి.